ఇల్లు ముందు కాగితం మీద కట్టాలి

మీ ఇంట్లో కొత్త ఇల్లు కట్టుకునే మాటలు జరుగుతున్నాయా? అయితే అది పెద్దవాళ్ళ వ్యవహారం అనుకొని ఆటలకు వెళ్ళిపోకండి. టేపుతో కొలవటం, స్కేలు ప్రకారం పటం గీయటం, కోణమానిని వాడటం మీకు వచ్చు. ఇల్లు కట్టే ముందు కావలసినవి సరిగ్గా ఆ విద్యలే.

పాతికేళ్ళ కిందట నేనొక ఇల్లు కట్టించాను. ఎదురింటి ప్లాను బాగుందని, అచ్చం అలాగే కట్టమని మేస్త్రికి చెప్పాను. వాళ్ళ ఇల్లు దక్షిణ ముఖం, మాది ఉత్తర ముఖం. ప్లానును 180 డిగ్రీలు తిప్పేసరికి వాళ్ళకు తూర్పున వున్న వంటిల్లు మాకు పడమటికి వచ్చింది. వేసవి సాయంకాలం మా అమ్మ వంటకు నిలబడితే ముందు పొయ్యి సెగ, వెనక కిటికీలోంచి ఎండ. చివరకు ఆమె రాత్రి వంట కూడా పొద్దున్నే చేసి పెట్టేది. తరగతిలో సూర్యగమనం గురించి పాఠం చెప్పే నేను ఇంటి దగ్గర దాన్ని మరిచిపోయాను! ఆ తప్పు కాగితం మీద తెలిసివుంటే రబ్బరుతో పోయేది. గోడలు లేచాక తెలిసింది.

ఆర్కిటెక్టు ఏం చేస్తారు?

తాపీ మేస్త్రి గోడను నిట్టనిలువుగా లేపుతాడు. పునాది, స్తంభాలు, కప్పు ఎంత బరువు మోయాలో ఇంజనీరు లెక్క కడతారు. ఏ గది ఎక్కడ వుండాలి, గాలీ వెలుతురూ ఎటునుంచి రావాలి, ఇంట్లో మనుషులు ఎలా మసలుతారు అన్నవి ఆలోచించి ప్లాను గీసేవారు ఆర్కిటెక్టు. మన దేశంలో 1972లో వచ్చిన ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం, తగిన చదువు చదివి ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నవారే ఆ పేరు వాడుకోవాలి.

డాక్టరు దగ్గరకు వెళ్ళి ఫలానా మందు రాయమని మనం చెప్పం గదా! ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి అన్నది చెబుతాం. ఆర్కిటెక్టు దగ్గర కూడా అంతే. "మూడు పడకగదులు కావాలి" అని మొదలుపెట్టటం కన్నా మన బతుకు ఎలా నడుస్తుందో చెప్పటం మేలు. ఒక వారం రోజులు నోటుబుక్కులో రాయండి. ఎవరు ఎన్నింటికి లేస్తారు? మీరు ఎక్కడ కూర్చొని చదువుతారు? బట్టలు ఎక్కడ ఆరేస్తారు? నాయనమ్మ రాత్రిపూట ఎన్నిసార్లు లేస్తుంది? ఆ నోటుబుక్కే ఆర్కిటెక్టుకు మీరివ్వగల మంచి సమాచారం.

కాగితం మీద కాపురం

ఆర్కిటెక్టు మొదటి ప్లాను ఇచ్చాక దాని మీద స్కేలు చూడండి. 1:100 అని వుంటే పటంలో 1 సెంటీమీటరు నేల మీద 1 మీటరు అన్నమాట. ఇప్పుడు మీ ఇంట్లోని మంచాలు, బీరువాలు, బల్లలు కొలిచి, అదే స్కేలులో అట్టముక్కలు కత్తిరించండి. 2 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల వెడల్పు గల మంచం 2 సెంటీమీటర్ల పొడవు, 1.5 సెంటీమీటర్ల వెడల్పు గల ముక్క అవుతుంది. వాటిని ప్లాను మీద పేర్చండి. తలుపు తెరిస్తే మంచానికి తగులుతుందా? బీరువా కిటికీకి అడ్డం వస్తుందా? వెంటనే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక మోసం వుంది, జాగ్రత్త! కొన్ని పటాల్లో కొలతలు ఒక గోడ మధ్యగీత నుంచి ఎదుటి గోడ మధ్యగీత వరకు ఇస్తారు. అలా 3 మీటర్లని రాసివుంటే, గోడల మందం 23 సెంటీమీటర్లయినప్పుడు, లోపల మిగిలేది 2.77 మీటర్లే. 2 మీటర్ల మంచం, దాని కాళ్ళవైపు 45 సెంటీమీటర్ల లోతు బీరువా పెడితే, 55 సెంటీమీటర్ల దారి వుంటుందనుకున్న చోట 32 సెంటీమీటర్లే వుంటుంది. అందులో మనిషి నడవటం కష్టం. అందుచేత "ఈ కొలత గోడ లోపలిదా, మధ్యగీతదా?" అని తప్పక అడగండి.

నాయనమ్మ మెట్లు

ఒక అంతస్తు ఎత్తు 3 మీటర్లు అనుకుందాం. ఒక్కో మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లయితే 20 అడుగులు ఎక్కాలి. ఆఖరి అడుగు పై అంతస్తు నేల మీదే పడుతుంది కనుక కాలు పెట్టే పలకలు 19 చాలు. పలక వెడల్పు 30 సెంటీమీటర్లయితే మెట్ల వరుస పొడవు 5.7 మీటర్లు. అదే 16 అడుగుల్లో ఎక్కేటట్లు, పలక 25 సెంటీమీటర్లే పెడితే 3.75 మీటర్లు చాలు. దాదాపు 2 మీటర్ల చోటు కలిసివచ్చింది. కాని ఒక్కో మెట్టు ఎత్తు 19 సెంటీమీటర్లకు దగ్గరైంది, కాలు పెట్టే చోటు తగ్గింది. ఆ చోటు మనం నాయనమ్మ మోకాళ్ళ దగ్గరనుంచి తీసుకున్నదే! ఆమె గది కిందే వుండాలా, మెట్లు వాలుగా వుండాలా అన్నది ఇంటిల్లిపాదీ కూర్చొని తేల్చుకోవాలి. ఆర్కిటెక్టు రెండు దారులూ గీసి చూపగలరు.

సూర్యుణ్ణి అడుగుదాం

దిక్కుల మాట వచ్చేసరికి తలా ఒక సలహా చెబుతారు. మనం సూర్యుణ్ణే అడుగుదాం. విజయవాడ సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద వుంది. డిసెంబరు 22న సూర్యుడు మకరరేఖ మీద, అంటే భూమధ్యరేఖకు 23.5 డిగ్రీల దక్షిణాన వుంటాడు. కనుక ఆనాటి మిట్టమధ్యాహ్నం విజయవాడలో సూర్యుడు నడినెత్తి నుంచి 40 డిగ్రీలు దక్షిణానికి వాలి, క్షితిజానికి 50 డిగ్రీల ఎత్తున కనిపిస్తాడు. మార్చి 21న ఆ ఎత్తు 73.5 డిగ్రీలు.

కిటికీ ఎత్తు 1.2 మీటర్లు, దాని పైఅంచున 60 సెంటీమీటర్ల సన్‌షేడు వుందనుకోండి. దక్షిణపు గోడ మీద, మార్చి 21 మిట్టమధ్యాహ్నం, సన్‌షేడు నీడ సుమారు 2 మీటర్ల కిందిదాకా పడుతుంది. కిటికీ మొత్తం నీడలోనే వుంటుంది. డిసెంబరు 22న నీడ 72 సెంటీమీటర్లే కనుక, కిటికీ కింది భాగంలోంచి చలికాలపు ఎండ గదిలోకి వస్తుంది. ఎంత చక్కని ఏర్పాటు!

ఇక పడమటి కిటికీ చూడండి. మే నెలలో సాయంకాలం అయిదు గంటల ప్రాంతంలో సూర్యుడి ఎత్తు 20 డిగ్రీలకు అటూ ఇటూగా వుంటుంది. అప్పుడు అదే సన్‌షేడు ఇచ్చే నీడ 22 సెంటీమీటర్లే. కిటికీని పూర్తిగా కప్పాలంటే దాదాపు 3.3 మీటర్ల సన్‌షేడు కావాలి! టాన్జెంటు నేర్చుకున్నవారు ఈ అంకెలు లెక్క కట్టి చూడండి. నేర్చుకోనివారు కోణమానినితో గీసి కొలవండి. పడమటి వైపు మెట్లు, స్నానాలగది, సామాన్ల గది వుంచటమో, వసారా వేయటమో, చెట్టు పెంచటమో మేలని ఎందుకంటారో ఇప్పుడు తెలిసింది గదా!

ఇలాంటి ఆలోచనకు పేరుపడ్డవారు లారీ బేకర్. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టి, మన దేశంలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో మరణించారు. 1990లో పద్మశ్రీ అందుకున్నారు. స్థలం చూసి, అక్కడ వుండబోయేవారితో మాట్లాడి, వున్న చెట్లను కొట్టకుండా తక్కువ ఖర్చులో ఇళ్ళు కట్టేవారు. ఇటుకలను పక్కవాటుగా నిలిపి, మధ్య ఖాళీ వదిలే గోడలను ఆయన ఎంతో ప్రచారం చేశారు. దీన్ని ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు. ఇందులో ఇటుకలు సుమారు పాతిక శాతం తగ్గుతాయి. లోపల చిక్కిన గాలి మంచి ఉష్ణవాహకం కాదు కనుక బయటి వేడి లోపలికి త్వరగా రాదు.

ఈమధ్య మా ఇల్లు బాగుచేయిద్దామని ఒక ఆర్కిటెక్టును పిలిచాను. ఆమె వంటింట్లోకి వచ్చి మొదట అడిగిన ప్రశ్న, "ఇక్కడ వంట ఎవరు చేస్తారు, ఏ వేళకు?" అని. పాతికేళ్ళ కిందట నేను అమ్మను అడగవలసిన ప్రశ్న అదే.

మీరే చేసి చూడండి

మీ స్థలంలో 1 మీటరు కర్రను నిట్టనిలువుగా పాతండి. ఉదయం 8 నుంచి సాయంకాలం 5 వరకు గంట గంటకూ నీడ కొసన గుర్తు పెట్టి, పొడవు రాసుకోండి. విజయవాడలో డిసెంబరు 22 మిట్టమధ్యాహ్నం ఆ నీడ సుమారు 84 సెంటీమీటర్లు రావాలి. మీ వూళ్ళో ఎంత వచ్చిందో చూడండి. ఆ కాగితం, మీ వారం రోజుల నోటుబుక్కు, అట్టముక్కలు పట్టుకొని పెద్దవాళ్ళతో పాటు మీరూ ఆర్కిటెక్టు దగ్గరకు వెళ్ళండి. గోడ లేచాక కిటికీ జరపాలంటే సుత్తి కావాలి. ఇప్పుడైతే రబ్బరు చాలు.