గాజు ఎందుకు పగిలింది?

ఈ పాఠంలో గాజు కళలో ఎదురయ్యే ఒక చిక్కు గురించి చదువుతాం. జరిగినదానికి కారణం చెప్పడం, ‘పగలడం’, ‘పొసగడం’ అనే మాటలను సరిగ్గా వాడటం నేర్చుకుంటాం.

చదివే ముందు

ఇంగ్లీషులో ‘గ్లాస్’ అని ఒకే మాట వాడే చోట మనకు మూడు మాటలున్నాయి. పదార్థం పేరు గాజు. ముఖం చూసుకునేది, కిటికీకి బిగించేది అద్దం. నీళ్ళు తాగేది గ్లాసు. అది స్టీలుదైనా సరే, గ్లాసే! ఇంకో సంగతి: ‘గాజులు’ అంటే చేతికి వేసుకునేవి. అందుకే ఈ పాఠంలో ‘రెండు గాజులు’ అనకుండా ‘రెండు రకాల గాజు’ అంటాం.

చదువుదాం

మీరు గాజు కళ నేర్పే తరగతిలో చేరారనుకోండి. నీలం గాజు పలక మీద తెల్ల గాజు ముక్కలతో ముగ్గు పేర్చి బట్టీలో పెట్టారు. ఇటుక బట్టీ అనే మాట ఇంట్లో పెద్దవాళ్ళ నోట వినే ఉంటారు. ఇది కరెంటుతో వేడెక్కే చిన్న బట్టీ. సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు రకాల గాజూ మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. చల్లారాక తీస్తే పళ్ళెం ముచ్చటగా ఉంది. వారం తర్వాత, బల్ల మీద ఉన్నది ఉన్నట్టే టక్కుమని చిట్లింది. ఎవరూ ముట్టుకోలేదు. మరి ఎందుకు పగిలింది?

వేడెక్కితే గాజు వ్యాకోచిస్తుంది, చల్లారితే సంకోచిస్తుంది. ఎంత అనేది గాజు రకాన్ని బట్టి ఉంటుంది. దాన్ని చెప్పే సంఖ్యే వ్యాకోచ గుణకం. గాజు కళాకారులు ఎక్కువగా వాడే రకాలు రెండు: 90, 96. ‘90’ అంటే, ఒక్క డిగ్రీ వేడికి తన పొడవులో కోటింట 90 వంతులు పెరిగే గాజు అని.

ఒక చిన్న లెక్క చేద్దాం. 30 సెంటీమీటర్ల పలక 482 డిగ్రీల నుంచి 22 డిగ్రీలకు చల్లారిందనుకోండి. ‘90’ గాజు సుమారు 1.24 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది, ‘96’ గాజు సుమారు 1.32 మిల్లీమీటర్లు. తేడా 0.08 మిల్లీమీటరు, ఇంచుమించు తల వెంట్రుక మందం. అంతేనా అంటారేమో! కానీ అవి అతుక్కుని ఉన్నాయి, ఏదీ జరగలేదు. ఎక్కువ కుంచించుకోవాల్సిన గాజును రెండోది సాగదీసి పట్టుకుంటుంది. గాజు నొక్కితే బాగా ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. ఆ లాగుడే ఒకరోజు పగులుగా బయటపడుతుంది.

ఇలాంటి జంటను ‘వీటికి పొసగదు’ అంటాం. వేడిలో రెండూ చక్కగా కలిసిపోతాయి. పొసుగుతుందో లేదో చల్లారేటప్పుడే తెలుస్తుంది.

సంఖ్య ఒకటే అయితే చాలా? చాలదు. వేడి గాజు ఎంత చిక్కగా ఉంది, చల్లారుతూ ఎప్పుడు గట్టిపడింది అనేవి కూడా లెక్కలోకి వస్తాయి. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 1974లో మొదలైన బుల్స్‌ఐ అనే గాజు సంస్థ ఈ మాటే చెబుతుంది. అందుకే అది సంఖ్యను నమ్ముకోకుండా, గాజును నిజంగా కరిగించి అతికించి పరీక్షిస్తుంది.

ఆ పరీక్ష మీరూ చేయవచ్చు. రంగులేని గాజు పట్టీ మీద అనుమానం ఉన్న గాజు ముక్క ఒకటి, ఆ పట్టీ నుంచే కోసిన ముక్క ఒకటి పెట్టి కాల్చండి. చల్లారాక, అడ్డంగా తిప్పి పెట్టిన రెండు పోలరైజింగ్ ఫిల్ముల మధ్య ఉంచి వెలుతురులో చూడండి. అనుమానం ఉన్న ముక్క చుట్టూ మాత్రమే తెల్లటి వెలుగు కనిపిస్తే పొసగలేదని అర్థం. రెండింటి చుట్టూ కనిపిస్తే, సరిగ్గా చల్లార్చలేదన్నమాట.

పగులును చదవండి

పళ్ళెం పగిలితే వెంటనే పారేయకండి. పగులు ఎలా ఉందో చూస్తే కారణం చాలావరకు తెలుస్తుంది.

1. రెండు రంగులు కలిసే అంచు వెంటే పగిలితే, సాధారణంగా పొసగకపోవడం వల్ల.
2. పగిలిన అంచులు నున్నగా, గుండ్రంగా ఉంటే, వేడెక్కేటప్పుడే పగిలింది. మంట మరీ తొందరగా పెంచారు.
3. అంచులు పదునుగా ఉండి, పగులు అడ్డంగా పోయి చివర కొక్కెంలా వంగితే, నిదానంగా చల్లార్చకపోవడం వల్ల కావచ్చు. ఇలా నిదానంగా చల్లార్చడాన్ని అనీలింగ్ అంటారు.

రెండో, మూడో తప్పును ఈసారి జాగ్రత్తపడి దిద్దుకోవచ్చు. మొదటిదానికి ఆ దారి లేదు. ఎంత నిదానంగా చల్లార్చినా పొసగని గాజు పొసగదు. అందుకే గాజు కొన్న రోజే ప్రతి ముక్క మీద దాని రకం రాసిపెట్టుకోండి. పాత సీసాలు, కిటికీ అద్దాలు వాడితే, ఒకే సీసా నుంచి, ఒకే పలక నుంచి కోసిన ముక్కలను మాత్రమే కలపండి.

మాట తేడా

ఇంగ్లీషులో అన్నీ ‘బ్రేక్’ అయిపోతాయి. తెలుగులో వస్తువును బట్టి మాట మారుతుంది: పళ్ళెం పగిలింది. కర్ర విరిగింది. దారం తెగింది. గోడ బీట వారింది. దానంతట అదే జరిగితే ‘పగిలింది’, ఎవరైనా చేస్తే ‘పగలగొట్టారు’.

‘పొసగడం’ మనుషులకూ వాడతాం, ఎక్కువగా ‘లేదు’ అనే అర్థంలోనే: ‘ఆ ఇద్దరికీ బొత్తిగా పొసగదు.’

అభ్యాసం

1. ఖాళీలు పూరించండి: గాలిపటం దారం ______. అద్దం కిందపడి ______. పిల్లి పాలగిన్నె తోస్తే కొమ్మ ______ అనగలమా? ఎందుకు?
2. పలక పొడవు 15 సెంటీమీటర్లే అయితే పై లెక్కలో తేడా ఎంత వస్తుంది?
3. మీ స్నేహితుడి పళ్ళెం ముగ్గు గీత వెంటే పగిలింది. ‘మళ్ళీ కాలిస్తే అతుక్కుంటుంది కదా?’ అంటున్నాడు. ఏం చెబుతారు? ‘ఎందుకంటే’, ‘అందుకని’ వాడుతూ నాలుగు వాక్యాలు రాయండి.
4. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి: వేడి టీ పోస్తే గాజు గ్లాసు చిట్లకుండా వాళ్ళేం చేసేవారు? విన్నది విన్నట్టు రాసుకుని, తరగతిలో చెప్పండి.