కాయిన్ బాక్స్ మార్చే ముందు ఈ కేబుల్ కట్టుకోండి

"కాయిన్ బాక్స్ పోయింది సార్, కొత్తది వేయాలి." నీళ్ల ప్లాంటు ఓనర్లకు మెకానిక్‌లు తరచుగా చెప్పే మాట ఇది. బిళ్ళ వేస్తే నీళ్లు రాలేదంటే అందరి అనుమానమూ ముందు దానిమీదకే పోతుంది. కానీ బిళ్ళ పడే సందు నుంచి నీళ్లు పడే నల్లా దాకా నాలుగు భాగాలున్నాయి: కాయిన్ బాక్స్, దానికి 12 వోల్టులు ఇచ్చే సప్లై, లెక్క చూసే బోర్డు, నీళ్లు వదిలే వాల్వు. వీటిలో ఏది చెడిందో తేల్చకుండా బాక్స్ మార్చేస్తే ఓనరుకు డబ్బు దండగ. మర్నాడు మళ్లీ అదే తంటా వస్తే మీ పేరూ పోతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో మోటార్లు, స్టార్టర్లు చూసుకుంటూ ఈ పనికీ వెళ్తున్న ఎలక్ట్రీషియన్లు, వనపర్తి పాలిటెక్నిక్‌లోనో ఐటీఐలోనో చదివి బయటికొచ్చిన కుర్రాళ్లు ముందుగా సంపాదించుకోవాల్సిన పనిముట్టు ఒక పరీక్ష కేబుల్.

కాసినోలున్న దేశాల్లో స్లాట్ మెషిన్లు బాగుచేసేవాళ్లు చేసేదీ ఇదే. నోట్లు తీసుకునే యూనిట్‌ను మెషిన్ నుంచి విడదీసి, విడిగా కట్టుకున్న కేబుల్‌తో బల్లమీదే నడిపించి చూస్తారు. మన దగ్గర తెలంగాణ గేమింగ్ చట్టం ఉంది కాబట్టి ఆ మెషిన్ల జోలికి మనం పోనక్కర్లేదు, ఎవరైనా తెచ్చినా ముట్టుకోవద్దు. పద్ధతి మాత్రం మన నీళ్ల ప్లాంటుకు అచ్చంగా సరిపోతుంది.

మన దగ్గర ఎక్కువగా కనిపించే కాయిన్ బాక్సులు 12 వోల్టుల డీసీతో నడుస్తాయి. ఎరుపు వైరు ప్లస్, నలుపు వైరు మైనస్, తెలుపు వైరు సిగ్నల్. నాలుగోది కౌంటర్ మీటరుకు పోతుంది. రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి బాక్స్ మీది స్టిక్కర్ చదివాకే చెయ్యి పెట్టండి. బిళ్ళ నచ్చగానే లోపలి ట్రాన్సిస్టర్ సిగ్నల్ వైరును క్షణకాలం మైనస్‌కు కలిపి వదిలేస్తుంది. దాన్నే పల్స్ అంటాం. బోర్డు ఆ పల్సులు లెక్కబెట్టి వాల్వు తెరుస్తుంది.

కేబుల్‌కు కావలసినవి కొద్దే. 12 వోల్టుల అడాప్టర్, ఒక ఆంపియర్ ఫ్యూజు, బాక్స్ వెనక సాకెట్‌కు సరిపోయే కనెక్టర్, ఒక ఎల్‌ఈడీ, 1 కిలో ఓమ్ రెసిస్టర్, 330 ఓమ్ రెసిస్టర్, పుష్ బటన్, రెండు క్రొకొడైల్ క్లిప్పులు. జిల్లా కేంద్రంలో దొరకనివి హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. అడాప్టర్ ప్లస్‌ను ఫ్యూజు మీదుగా ఎరుపుకు, మైనస్‌ను నలుపుకు కలపండి. ప్లస్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్, దాని తర్వాత ఎల్‌ఈడీ పొడవు కాలు, పొట్టి కాలు తెలుపు వైరుకు. అంతే, సగం పని అయిపోయింది. బిళ్ళ వేస్తే ఎల్‌ఈడీ మిణుక్కుమనాలి. ఎన్ని పల్సులు సెట్ చేసి ఉంటే అన్నిసార్లు. బాక్స్ మీది స్విచ్ ఎన్‌సీ వైపు ఉంటే తిరగబడుతుంది: ఎప్పుడూ వెలిగి ఉండి, బిళ్ళకు ఆరుతుంది. దాన్ని చూసి బాక్స్ పాడైందనుకోవద్దు.

మిగతా సగం బోర్డు కోసం. పుష్ బటన్‌కు 330 ఓమ్ రెసిస్టర్‌ను వరుసలో కలిపి రెండు చివర్లా క్లిప్పులు పెట్టండి. కాయిన్ బాక్స్ విప్పేసి, బోర్డు వైపు సిగ్నల్, మైనస్ పిన్నుల మధ్య ఆ క్లిప్పులు తగిలించి బటన్ ఒక్కసారి నొక్కండి. నీళ్లు వస్తే బోర్డూ వాల్వూ బాగున్నట్టే. ఒక్క నొక్కుకు రెండు మూడు లెక్కలు పడినా కంగారొద్దు, బటన్ లోపలి రేకులు అదరడం వల్ల అలా జరుగుతుంది. ఒక జాగ్రత్త: బోర్డున్న డబ్బాలోనే 230 వోల్టులూ ఉంటాయి, కింద నేలంతా తడి. మెయిన్ ఆపాకే క్లిప్పులు తగిలించండి, చెయ్యి తీశాకే మెయిన్ వేయండి. ఆర్‌సీసీబీ లేని ప్లాంటయితే ముందు అది పెట్టించమని ఓనరుకు గట్టిగా చెప్పండి.

కేబుల్‌తో చూస్తే బాక్స్ మంచిదే, అయినా బిళ్ళలు కింద పడేస్తోందా? చాలాసార్లు తప్పు బిళ్ళల తేడాలో ఉంటుంది. పాత 5 రూపాయల బిళ్ళ వెడల్పు 23 మిల్లీమీటర్లు. 2019లో ప్రకటించిన కొత్త వరుసలో అదే 5 రూపాయలు 25 మిల్లీమీటర్లు. పాతదానికి నేర్పిన బాక్స్ కొత్తదాన్ని తిప్పికొట్టడంలో వింతేమీ లేదు. రకరకాల బిళ్ళలు నేర్చుకునే బాక్సయితే కొత్త బిళ్ళను ఇంకో రకంగా నేర్పి, పల్సులు మాత్రం పాతదానికున్నన్నే ఇవ్వండి. నేర్పేటప్పుడు మెరిసే కొత్తవే కాకుండా అరిగినవీ నల్లబడినవీ కలిపి పదిహేను ఇరవై వేయండి. కిటికీలో నమూనా బిళ్ళ పెట్టే రకమయితే ఆ ఒక్క బిళ్ళనే తీసుకుంటుంది. ఏ బిళ్ళ వేయాలో పైన బోర్డు రాయించడమే మార్గం. 10 రూపాయల బిళ్ళ చెల్లదని ఊళ్లలో ఇంకా వాదిస్తుంటారు. 14 నమూనాలూ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంకు 2018లోనే ప్రకటించింది. ఓనరుకు ఆ మాట చెప్పి, బాక్స్‌కు అవన్నీ నేర్పండి.

బల్లమీద బాగా నడిచి, ప్లాంటులో మొరాయించే బాక్స్ అసలైన చిక్కు. మల్టీమీటరును బాక్స్ ఎరుపు, నలుపు వైర్ల మీద పెట్టి వాల్వు తెరుచుకునేటప్పుడు చూడండి. 12 కాస్తా 10కి జారితే సప్లై నీరసించినట్టు, బాక్స్ జోలికి పోవద్దు. మోటారు ఆన్ కాగానే వేయని బిళ్ళ లెక్కకొస్తుంటే సిగ్నల్ వైరు మోటారు వైరును ఆనుకుని పోతోందేమో చూసి దూరం జరపండి. డీసీ వాల్వు అయితే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉందో లేదో చూడండి. దాని తెల్ల గీత ప్లస్ వైపే ఉండాలి.

పని అయ్యాక బాక్స్ తలుపు లోపల ఒక కాగితం అంటించండి: ఏ బిళ్ళకు ఎన్ని పల్సులు, స్విచ్ ఎటు ఉంది, సప్లై ఎంత చూపింది, తారీఖు. ఆ తర్వాత ఐజ నుంచి వచ్చినా అచ్చంపేట నుంచి వచ్చినా, వచ్చిన మెకానిక్ ఆ కాగితం చూసి పని మొదలుపెడతాడు. పరీక్షకు పట్టిన టైముకు కూలి అడగడానికి మొహమాటపడకండి, అదీ పనే.