తొలి విమానం

ఈత నేర్వగోరిన వానిని వరద గోదావరిలోకి దింపరు. నడుముకు బెండ్లు కట్టి, మెట్లున్న బావిలో దింపుతారు. విమానయాన విద్యకు సైతం ఈ న్యాయమే వర్తిస్తుంది.

తాము నడిపే తొలి విమానం వేగవంతమైనదై ఉండాలని యువకులు ఆశించడం సహజం. కాని శిక్షకులు వెదకే గుణాలు వేరు. తక్కువ వేగంలోనూ అదుపు తప్పకపోవడం, నేలను గట్టిగా తాకినా చక్రాలు తట్టుకోవడం, ఇంజిన్ ఆగినా గాలిలో తేలుతూ దిగగలగడం ముఖ్యమైనవి. వేగం తగ్గుతున్నా ముక్కును పైకెత్తుతూ పోతే, రెక్కలపై గాలి ప్రవాహం చెదిరి, విమానాన్ని నిలిపి ఉంచే బలం క్షీణిస్తుంది. దీనినే ‘స్టాల్’ అంటారు. మంచి శిక్షణ విమానం ఈ ప్రమాదాన్ని ముందుగా హెచ్చరిస్తుంది. ముక్కు దించగానే తేరుకుంటుంది. అది తప్పును మన్నిస్తుంది, కాని దాచదు.

1955లో తొలిసారి ఎగిరిన సెస్నా 172 ఇట్టిదే. వేగంలో గొప్పది కాకపోయినా, నిలకడ వలన అది ప్రపంచమంతటా శిక్షణకు ఉపయోగపడింది. ఇప్పటివరకు 44,000కు పైగా తయారయ్యాయి.

ఎంపిక ఎంత కీలకమైనదో భారత వైమానిక దళ అనుభవం తెలుపుతుంది. 1980ల నుంచి వాడిన హెచ్.పి.టి.-32 దీపక్ విమానంలో ఇంజిన్ గాలిలో ఆగిపోయిన ఘటనలు అనేకం జరిగాయి. ఆపదలో చోదకుని ఆసనంతో సహా వెలుపలికి విసిరి కాపాడే ఏర్పాటు అందులో లేదు. 2009లో ఇద్దరు వైమానికులు మరణించిన పిదప దాని వాడకాన్ని నిలిపివేశారు. తగిన ప్రత్యామ్నాయం లేనందున కొత్తవారు కిరణ్ జెట్ విమానంపైనే తొలి పాఠాలు నేర్వవలసి వచ్చింది. అది రెండవ దశకు ఉద్దేశించినది. అక్షరాభ్యాసం నాడే కావ్యపఠనం చేయించినట్లయింది.

2012లో 75 పిలాటస్ పి.సి.-7 విమానాలకు ఒప్పందం కుదిరింది. 2013లో అవి హైదరాబాదు సమీపంలోని దుండిగల్ వైమానిక దళ అకాడమీలో ప్రవేశించాయి. వీటిలో ఆ రక్షక ఆసనాలున్నాయి. స్వదేశీయమైన హెచ్.టి.టి.-40 విమానాలు 70 కొనుగోలు చేయడానికి 2023లో ఒప్పందం జరిగింది.

అయినా ఏ యంత్రమూ సంపూర్ణ అభయం ఈయజాలదు. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి ఎగిరిన ఒక పిలాటస్ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ వద్ద కూలి, శిక్షకుడూ శిక్షణార్థీ అసువులు బాశారు. ఉత్తమమైన విమానం ప్రమాదాన్ని తగ్గించగలదే కాని తొలగించలేదు. మిగిలిన భారం గురువు జాగరూకతపైనా, శిష్యుని క్రమశిక్షణపైనా ఉంటుంది.

నేర్చుకొనేవాడు పొరపడక తప్పదు. పొరపాటును దిద్దుకొనేందుకు వానికి కొన్ని క్షణాల వ్యవధి కావాలి. ఆ వ్యవధినిచ్చేదే మేలైన తొలి విమానం.