సినిమా మాటలు, పంచాయతీ కాగితములు

హైదరాబాదు నగరమునందలి జూబ్లీ హిల్స్, ఫిల్మ్ నగర్ అను పేర్లు విననివారు నేడు మన గ్రామములలో అరుదు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి క్రమముగా తరలివచ్చి స్థిరపడిన చోటు అది. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో 1970ల దశకమున ఆ కొండల చెంత వెలసినది. తరువాత రామానాయుడుగారి స్టూడియో ఫిల్మ్ నగర్‌లో వచ్చినది. ఆ పరిశ్రమ వెంట షూటింగు, షెడ్యూలు, టైటిలు, రిలీజు మొదలగు మాటలు పల్లెలోని రచ్చబండ దాక నడచివచ్చినవి. బడి మొగము చూడని అవ్వయు “ఆ బొమ్మ రిలీజు అయినదా?” అని మనుమని అడుగుచున్నది.

“మాకు ఇంగ్లీషు రాదు” అని పంచాయతీ సభ్యులు పలువురు చెప్పుచుందురు. ఆ మాట పూర్తిగా నిజము కాదని మా అభిప్రాయము. వారికి వందలకొలది ఇంగ్లీషు మాటలు వచ్చును. అదే మాట ప్రభుత్వ కాగితము మీదికి ఎక్కినపుడు ఏ అర్థమున నిలిచినదో తెలియకపోవుటయే చిక్కు. కాగితము ఎవరు వ్రాసినను, క్రింద సంతకము సర్పంచిది, సభ్యులది. ఆడిటు వచ్చిననాడు సమాధానము చెప్పవలసినవారును వారే. కావున తెలిసిన మాటలతోనే ఈ పాఠమును ఆరంభింతము.

జూబ్లీ హిల్స్ పేరులోనే మొదటి పాఠము కలదు. హిల్ అనగా కొండ. చివర స్ చేరినచో కొండలు. తెలుగున ‘లు’ చేయు పనిని ఇంగ్లీషున ఆ చిన్న ధ్వని చేయుచున్నది. ఫండ్, ఫండ్స్, వర్క్, వర్క్స్. ఆ ధ్వని ఉన్నదా లేదా చూచుకొనుట చిన్న పనివలె తోచును గాని, బిల్లు ఒకటియా, పలు బిల్లులా అనునది దానిమీదనే ఆధారపడియుండును.

కొండలు దిగగానే జూబ్లీ హిల్స్ చెక్ పోస్ట్. మెట్రో రైలు స్టేషనుకు గూడ అదియే పేరు. ఇచ్చట చెక్ అనగా తనిఖీ. బ్యాంకులో ఇచ్చు చెక్కు వేరు. తెలుగున రెండింటిని ఒక్కతీరున పలికి వ్రాయుదుము గాని, ఇంగ్లీషున బ్యాంకు చెక్కునకు వ్రాత వేరుగా నుండును. తనిఖీ అర్థము వచ్చు ఈ చెక్ నుండియే చెకర్ అను మాట పుట్టినది. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ్ స్వరాజ్ పద్ధతిలో చెల్లింపులకు మేకర్, చెకర్ అని ఇద్దరు ఉందురు. మేకర్ అనగా చెల్లింపు పత్రమును తయారుచేయువాడు; చెకర్ అనగా సరిచూచి ఆమోదించువాడు. చూడకయే ఆమోదించు చెకర్, లారీలను లెక్కింపక వదలు చెక్ పోస్టు వంటివాడు.

ఇక సినిమా మాటలకు వత్తము. షెడ్యూలు అనగా ఏ దినమున ఏ చోట చిత్రీకరణ జరుగునో తెలుపు ఏర్పాటని చిత్రసీమ వారు వాడుదురు. రోడ్డు ఎస్టిమేటులో షెడ్యూలు రేట్లు అన్నచో ఇంజనీరింగు శాఖ నిర్ణయించిన ధరల పట్టిక. రాజ్యాంగమున షెడ్యూల్డు కులములు అన్నచో పట్టికలో చేర్చబడిన కులములు. మూడు తావులందును మూలార్థము ఒక్కటే: పట్టిక. ఈ ఒక్క మాట పట్టుకొన్నచో మూడు తాళములు తెరచుకొనును.

ప్రొడ్యూసరు అనగా చిత్రనిర్మాత. అయితే ఆడిటరు “ప్రొడ్యూస్ ద రికార్డ్స్” అని వ్రాసినచో రికార్డులను మా ముందు ఉంచుడని భావము. లేని రికార్డులను నిర్మింపుడని ఎంతమాత్రము కాదు! టైటిలు సినిమాకు పేరు. భూమి పత్రములందు హక్కు. షో అనగా ఆట. షో కాజ్ నోటీసు అన్నచో కారణము చూపుడని అడుగు తాఖీదు. దానిని శిక్షగా తలచి భయపడి మూలబెట్టరాదు. అది మీ సంజాయిషీకి ఇచ్చిన అవకాశము. చెప్పిన గడువులోపల జవాబు వ్రాయనిచో ఆ అవకాశము చేజారును. యాక్షన్, టేక్ అను మాటలు షూటింగు చూచినవారందరికి తెలిసినవే. అవి రెండును కలిసి యాక్షన్ టేకెన్ రిపోర్టు అయినపుడు, తీసికొన్న చర్యల నివేదిక యని అర్థము. తీసికొనబోవు చర్యలను అందులో వ్రాసిన ప్రయోజనము లేదు. కథానాయకుని మెడలోని టై అనగా కట్టునది. అందుండియే టైడ్ గ్రాంటు, కట్టివేసిన గ్రాంటు. 15వ ఆర్థిక సంఘము 2021-22 నుండి 2025-26 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన గ్రాంటులలో 60 శాతము ఇట్టిదే. పారిశుద్ధ్యము, త్రాగునీరు అను పనులకే దానిని వెచ్చింపవలెను.

రిలీజు వద్ద కొంచెము ఆగవలెను. ఎన్ని చిత్రములు తీయబడియు డబ్బాలలోనే ఉండిపోలేదు! తీయుట వేరు, విడుదలగుట వేరు అని ప్రేక్షకులకు బాగుగ తెలియును. నిధుల సంగతియు అంతే. సాంక్షన్ అనగా మంజూరు, రిలీజ్ అనగా విడుదల. మంజూరు ఉత్తరువు చూచి, డబ్బు వచ్చినదని గ్రామసభలో చెప్పి, కంట్రాక్టరుచే పని మొదలుపెట్టించి, పిమ్మట నెలల తరబడి బిల్లునకై తిరుగుట పలు గ్రామములకు అనుభవమే. మంజూరునందును పరిపాలనామోదము వేరు, సాంకేతికామోదము వేరు. కాగితమున ఉన్న మాట ఏదియో చూచి, ఆ మాటనే గ్రామసభలో చెప్పుట క్షేమము.

అన్నింటికన్న చిక్కైనది సబ్జెక్టు. బడిలో అది పాఠ్యాంశము. సినిమా వారికి కథావస్తువు. ఉత్తరము పైభాగమున విషయము. కాని వాక్యము నడుమ “సబ్జెక్ట్ టు” అని వచ్చినచో షరతునకు లోబడి యని అర్థము. “ద వర్క్ ఈజ్ సాంక్షన్డ్ సబ్జెక్ట్ టు అవైలబిలిటీ ఆఫ్ ఫండ్స్” అను వాక్యమును గమనింపుడు. నిధులు లభించినచో మాత్రమే పని మంజూరు. తెలుగు వాక్యమున షరతు ముందు వచ్చును, క్రియ చివర వచ్చును. కనుక చివరిదాక వినక మనకు తీర్పు తెలియదు. ఇంగ్లీషున తరచుగా క్రియ ముందే వచ్చి, షరతు తోకవలె వెనుక నుండును. సగము చదివి సంతోషించువాడు ఇచ్చటనే మోసపోవును. ప్రొవైడెడ్ అను మాటయు ఇట్టిదే; ఒకచో సమకూర్చబడినది యని, మరియొకచో అట్లయినచో యని.

ఇంగ్లీషు మాటలు వాడుటకు సిగ్గుపడ నక్కరలేదు. ఇచ్చిపుచ్చుకొనుట భాషలకు సహజము. మన పందికొక్కు ఇంగ్లీషువారి నిఘంటువున బాండికూట్‌గా చేరి, నేడు ప్రపంచమంతట తిరుగుచున్నది. అట్లని తెలుగును విడువవలసిన పనియు లేదు. 1966 నాటి అధికార భాషా చట్టము తెలుగును పరిపాలనా భాషగా చేసినది. తీర్మానములు తెలుగుననే వ్రాయుడు. ఇంగ్లీషు ఉత్తరువు వచ్చినచో తెలుగున చెప్పుమని అడుగుడు. ఆ చెప్పినది సరియా కాదా యని గ్రహించుటకే ఈ అభ్యాసము.

పెద్దవయసున చదువు ఏమని సందేహించువారికి జూబ్లీ హిల్స్‌లోనే మరియొక చిరునామా చెప్పెదము. సినిమా స్టూడియోలకు దూరము కాని చోట డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయముగా ప్రారంభమై, దేశమున ఈ తరహాలో మొదటిదిగా పేరొందినది. 1991లో అంబేద్కరుగారి పేరు పొందినది. బడి చదువు మధ్యలో ఆగినవారికి అర్హత పరీక్ష పెట్టి డిగ్రీ చదువునకు తలుపు తెరచినది ఈ సంస్థయే. పాఠములు పుస్తకములుగా ఇంటికి పంపుట, జిల్లాలందు అధ్యయన కేంద్రములు నడుపుట, ఆకాశవాణి ద్వారా బోధించుట దాని పద్ధతులు. మొదటి ఉపాధ్యక్షులు ప్రొఫెసర్ జి. రాంరెడ్డిగారు పంచాయతీరాజ్ వ్యవస్థను పరిశోధించిన పండితులు. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు గూడ ఆయనయే మొదటి ఉపాధ్యక్షులైరి. పంచాయతీలను ఎరిగినవారు ఇంటి ముంగిటికి చదువును పంపదలచుట మాకు వింతగా తోచదు.

చదువుటతోపాటు నాలుగు వాక్యములు పలుకుటయు అవసరము. తెలుగున మర్యాద క్రియలోనే ఇమిడియున్నది. “పంపండి” అన్న చాలును. ఇంగ్లీషున “సెండ్ ఇట్” అన్నచో ఆజ్ఞవలె వినబడును. “ప్లీజ్” అని ముందు చేర్చవలెను, “కుడ్ యు ప్లీజ్ సెండ్ ఇట్?” అన్నచో ఇంకను మేలు. డౌట్ అను మాట వద్ద జాగ్రత్త వహింపుడు. మనము ప్రశ్న యను భావమున దానిని వాడుదుము. ఇంగ్లీషున అది అపనమ్మకము. అధికారితో “ఐ డౌట్ దిస్ బిల్” అన్నచో బిల్లు నమ్మదగినది కాదని ఆరోపించినట్లగును. “ఐ హావ్ ఎ క్వశ్చన్” అని అడుగుట మంచిది. నిజముగా అనుమానమే యున్నచో మొదటి వాక్యమునే వాడవచ్చును.

ఈ క్రింది మాటలను నోట పట్టుడు. “వాట్ డస్ దిస్ వర్డ్ మీన్?”, ఈ మాటకు అర్థమేమి? “ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ ఇట్ ఇన్ తెలుగు”, దయచేసి తెలుగున వివరింపుడు. “ప్లీజ్ గివ్ మీ ఎ కాపీ”, నాకు ఒక నకలు ఇండు. “ఐ విల్ సైన్ ఆఫ్టర్ రీడింగ్”, చదివిన పిమ్మట సంతకము చేసెదను. పలుకుబడి వంకరగా వచ్చినను ఎదుటివారు గ్రహింతురు. కొత్తగా ఎన్నికైన సోదరీమణులు ఈ చివరి వాక్యమును ఇంటియందు గూడ అభ్యసింపవలెను. తమ కుర్చీలో భర్తయో, మరిదియో కూర్చుండి సంతకమునకు మాత్రము కాగితము పంపు ఇండ్లు ఇంకను కలవు.

ఒక పుస్తకమున ప్రతి కాగితమునుండి రెండు మాటలు వ్రాసికొనుడు. ఒక ప్రక్క సినిమాలోనో సంతలోనో వాడు అర్థము, మరొక ప్రక్క ఆ కాగితమున వచ్చిన అర్థము, క్రింద ఆ వాక్యము యావత్తు. ఒంటరి మాట మరచిపోవును. వాక్యముతో కూడిన మాట నిలుచును. మొదటి పుటలో మేకర్, చెకర్, పాస్‌వర్డ్, ఓ.టి.పి. అను నాలుగింటిని ఉంచుడు. ఓ.టి.పి. అనగా ఒక్కసారికి మాత్రమే పనికివచ్చు రహస్య సంఖ్య. డిజిటల్ సంతకపు పరికరమును, ఆ సంఖ్యను ఇతరుల చేతికి ఇచ్చుట ఖాళీ కాగితము మీద వేలిముద్ర వేసి ఇచ్చుటతో సమానము. అట్టి చెల్లింపునందు చెకర్‌గా నిలుచునది మీ పేరే.