ఏడింటి చలి, ఒంటిగంట ఎండ

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోతుంది గానీ ఒక్కసారిగా పోదు. ఫాల్గుణం దాకా పొద్దుటిపూట తచ్చాడుతూనే ఉంటుంది. మధ్యాహ్నానికి మాత్రం వేసవి వచ్చేసినట్టే ఉంటుంది. ఏడింటికి స్వెట్టరు తొడిగి, చెవులు మూసి పంపిన పిల్లాడు ఒంటిగంటకి మొహం కందిపోయి, చొక్కా వీపుకి అతుక్కుపోయి కనిపిస్తాడు. బడికి తయారుచేసేటప్పుడు మన కంటికి ఆనేది పొద్దుటి చలి ఒక్కటే. వాడు గడపాల్సింది రోజంతా. అందుకే ఈ రోజుల్లో వెచ్చగా తొడగడం ఎంత ముఖ్యమో, తొడిగింది పిల్లలు తమంతట తాము విప్పుకోగలగడం అంతే ముఖ్యం.

అన్ని ఊళ్లకూ ఒకే లెక్క కుదరదు. విశాఖపట్నం, కాకినాడ లాంటి చోట్ల పగటి వేడినీ రాత్రి చలినీ సముద్రమే అదుపులో ఉంచుతుంది. అక్కడ పిల్లల్ని ఇబ్బంది పెట్టేది చలి కన్నా చెమటే. హైదరాబాద్, ఆదిలాబాద్ వైపు గాలిలో తేమ తక్కువ, ఆకాశంలో మబ్బు ఉండదు. పగలు తొందరగా కాగిన నేల రాత్రి అంతే తొందరగా చల్లారుతుంది. తెల్లవారుజామున 16, 17 డిగ్రీలు, మధ్యాహ్నం 32, 33 ఉండటం ఫిబ్రవరిలో మామూలే. అరకు, లంబసింగి వైపైతే పొద్దుటి చలి ఇంకా గట్టిగానే ఉంటుంది. హైదరాబాద్, అమరావతి వాతావరణ కేంద్రాల సూచనల్లో కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఉంటాయి. రెండూ చూడండి. తేడా పది డిగ్రీలు దాటితే, ఆ రోజు పిల్లలు మధ్యలో ఏదో ఒకటి విప్పాల్సి వస్తుందన్నమాట.

మందపాటి స్వెట్టరు ఒక్కటి వేసే కన్నా పల్చటివి రెండు మూడు వేయడం మేలు. వాటి మధ్య నిలిచే గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఎండెక్కాక ఒకటి తీసేస్తే సరిపోతుంది. లోపల మెత్తటి నూలు బనీను, పైన యూనిఫాం చొక్కా, ఆపైన ముందువైపు జిప్పో గుండీలో ఉన్న పల్చటి స్వెట్టరు చాలు. తల మీంచి లాగి తొడిగే రకం చిన్నపిల్లలకు వద్దు. క్లాసులో దాన్ని విప్పుకోబోతే చొక్కా కూడా పైకి లేచిపోతుంది. ఆ సిగ్గుకి ఉడికిపోతూనే కూర్చునే పిల్లలున్నారు. ఉన్ని నేరుగా చర్మానికి తగిలితే దురద పెడుతుంది కాబట్టి చేతుల దాకా నూలు ఉండేలా చూడండి. విప్పడం, మడవడం, బ్యాగులో పెట్టుకోవడం ఆదివారం ఇంట్లోనే రెండుసార్లు చేయించండి. స్వెట్టరు లోపలి పట్టీ మీద పేరు కుట్టండి. ఒకటీ అరా పోయినా కోప్పడకండి. పోతే తిడతారనే భయంతో చాలామంది పిల్లలు అసలు విప్పరు.

స్కూటరు మీద దింపే పిల్లల సంగతి వేరు. ముందు నిలబడ్డ పిల్ల ఛాతీకి గాలి నేరుగా కొడుతుంది. అల్లిన స్వెట్టరు కన్నాల్లోంచి ఆ గాలి దూరిపోతుంది. గాలిని ఆపేది పల్చటి జాకెట్టే. బడి గేటు దగ్గర దాన్ని విప్పించి మీరే వెనక్కి తెచ్చుకోవచ్చు. శాలువాలు, పొడుగాటి స్కార్ఫులు చుట్టి బండి ఎక్కించకండి, కొంగు చక్రంలో పడితే ప్రమాదం. నాలుగేళ్లలోపు పిల్లలకు తలకు సరిపోయే హెల్మెట్, నడిపేవారికి కలిపి కట్టే బెల్టు ఉండాలనీ, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదనీ 2023 ఫిబ్రవరి నుంచి కేంద్ర నిబంధన అమల్లో ఉంది. హెల్మెట్ ఉంటే చెవులకు వేరే టోపీ అక్కర్లేదు.

పిల్లలకు చలిగా ఉందో ఉక్కగా ఉందో తెలుసుకోవడానికి చాలామంది చేతులు పట్టుకు చూస్తారు. చేతులూ కాళ్లూ చల్లగా ఉండటం చిన్నపిల్లల్లో సహజం. మెడ వెనకా, వీపు మీదా చెయ్యి పెట్టి చూడండి. అక్కడ తడిగా తగిలితే బట్టలు ఎక్కువైనట్టే. ఆటల పీరియడ్‌లో చెమటతో తడిసిన బనీనుతో వచ్చి ఫ్యాను కింద కూర్చుంటే, ఆ తడి ఆరుతూ ఒంట్లో వేడిని లాగేస్తుంది. పొద్దుటి చలికి లేని వణుకు అప్పుడొస్తుంది. మెడ చుట్టూ చెమటకాయలు లేచేదీ ఈ తడివల్లే. బ్యాగులో ఒక పొడి బనీను పెట్టి, ఆట అయ్యాక మార్చుకోమని చెప్పండి.

ఇక నెలల బిడ్డలు. మీకు హాయిగా ఉన్న దానికన్నా వాళ్లకు ఒక్క పొర ఎక్కువ చాలు. మధ్యాహ్నం ఆ పొర కూడా తీసేయాల్సి రావచ్చు. అదనపు వేడిని వదిలించుకోవడం వాళ్ల ఒంటికి అంత తేలిక కాదు. ఇంట్లో పడుకోబెట్టేటప్పుడు టోపీ తీసేయండి, మొహం మీదికి జారే వదులు దుప్పట్లు కప్పకండి. ఒళ్లు వేడిగా తగిలితే ముందు బట్టలు తగ్గించి, కాసేపాగి థర్మామీటరు పెట్టండి. మూడు నెలల్లోపు బిడ్డకు 100.4 ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకి చూపించాలి.

ఇంట్లో పెద్దవాళ్లు మంకీ క్యాప్ పట్టుకుని వెంటపడతారు. చెవుల్లోకి గాలిపోతే జలుబు చేస్తుందని వాళ్ల బెంగ. జలుబు తెచ్చేది వైరస్సులు, టోపీ వాటిని ఆపలేదు. అలాగని నాయనమ్మతో వాదన పెట్టుకోనక్కర్లేదు. తెల్లవారుజామున, బస్టాపు దాకా టోపీ పెట్టనివ్వండి. ఎండ వచ్చాక తీసేయడం నీ పనే అని ఆవిడ ముందే పిల్లకు చెప్పండి. ఆవిడ మాటా దక్కుతుంది, పిల్లా ఉడికిపోదు.

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక లెక్క మళ్లీ మారుతుంది. వెళ్లేటప్పుడు చల్లదనం, తిరిగొచ్చేటప్పుడు నడినెత్తిన ఎండ. అప్పటికి స్వెట్టరు మానేసి పొడుగు చేతుల పల్చటి నూలు చొక్కా వేయండి, పొద్దున చలిగాలినీ మధ్యాహ్నం ఎండనూ రెంటినీ అడ్డుకుంటుంది. అంచున్న టోపీ, సీసా నిండా నీళ్లు మరవకండి. ఆ రోజుల్లోనే సాయంత్రాలు ఉరుములతో అకాల వానలు, ఒక్కోసారి వడగళ్లూ పడతాయి. మబ్బు పట్టిన రోజున చిన్న గొడుగు ఇవ్వండి. ఉరుము వినపడితే మాత్రం గొడుగుతో బయట నడవకుండా, చెట్టు కింద నిలబడకుండా ఏదైనా భవనంలోకి వెళ్లమని చెప్పండి. తడిసొస్తే తల తుడిచి, పొడి బట్టలు మార్చండి.

అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త, పిల్లల మాట నమ్మడం. "అమ్మా, ఉక్కగా ఉంది" అంటే "నీకేం తెలుసు, ఉంచుకో" అనకండి. తన ఒంటి సంగతి తనకే తెలియదని పదేపదే వింటే, కొన్నాళ్లకు చెప్పడమే మానేస్తారు. "అయితే విప్పేయ్, మళ్లీ చలేస్తే వేసుకో" అనండి. ఏ వేళకు ఏది వేసుకోవాలో వాళ్లే చూసుకోవడం అలాగే అలవాటవుతుంది.