పని దొరకనివాడు సోమరి కాడు
పాఠ్యభాగము: మత్తయి 20:1-15, 2 థెస్స. 3:6-13

ప్రియులారా, మన మార్కాపురపు పలకల పని తగ్గినప్పుడు అనేకుల చేతులు ఖాళీ ఆయెను. అట్టి సహోదరుడొకడు, "అయ్యగారూ, ఉపాధి పనికి అర్జీ పెట్టుట ముష్టి యెత్తుట కాదా?" అని నన్నడిగెను. ఆ తలంపు నా ప్రసంగమువలననే అతనికి కలిగెనని తెలిసి సిగ్గుపడితిని.

పౌలు మందలించినది పని చేయ నిష్టము లేనివారిని. పని దొరకనివారిని కాదు. ఉపమానములో సాయంకాలమువరకు సంతవీధిని నిలిచినవారిని కూలికి పిలిచినవాడే లేడు. యజమానుడు వారి జవాబు విని గద్దింపక తోటలోనికి పంపెను. నిండు కూలి ఇచ్చెను. కడపట వచ్చినవాని యింటను ఆకలి ఒక్కటే గదా!

2005 సంవత్సరపు గ్రామీణ ఉపాధి హామీ చట్టము, పని కోరినవారికి 15 దినములలో పని చూపవలెననెను. చూపనియెడల నిరుద్యోగ భృతి రావలెను: మొదటి 30 దినములు కూలిలో నాలుగవ వంతునకు, పిమ్మట సగమునకు తక్కువ కాకుండ. అయితే అర్జీ ఇచ్చిన దినము రుజువు కానిదే ఆ 15 దినములు ఎట్లు లెక్కింతురు? గనుక నేడును పని కోరువారు తేదీగల రసీదు అడిగి తీసికొనవలెను.

పౌలు సహితము రోమా పౌరుడుగా తన హక్కును అడిగెను (అపొ. కార్య. 25:11). అది అవిశ్వాసము కాదు.

చదువు వచ్చినవారలారా, ఈ వారము అర్జీ వ్రాయలేని పొరుగువానితో పంచాయతీ కార్యాలయమునకు నడువుడి. దీవించి పంపివేయుట చాలదు (యాకోబు 2:15-16).