గోగు పూతకీ, పసరు రంగుకీ చుట్టరికం

పై వీడియోలో చూసినవి బొబ్బిలి దగ్గర మా మెట్టలో గోగు మడులు. ఒకటి తొలకరికి చల్లింది, మనిషిని మించి ఎదిగింది. రెండోది వానలు ఆలస్యమై ఆగస్టులో చల్లాను, నడుము దాటలేదు. పూత మాత్రం రెండూ ఇంచుమించు ఒకేసారి వేశాయి. బలం చాలలేదనుకుని ఇంకో రెండు డ్రమ్ముల జీవామృతం పోశాను. అదంతా వృథా శ్రమ. పూత వచ్చాక కాడ పెద్దగా ఎదగదు, నారకి కోత కూడా ఆ దశలోనే.

గోగు పూతకి వయసు కంటే రాత్రి పొడవు ముఖ్యం. జూన్‌లో మన దగ్గర పగలు 13 గంటలు పైచిలుకు, సెప్టెంబర్ చివరికి 12 దగ్గరికి దిగుతుంది. మరి కళ్లు లేని మొక్క దాన్ని ఎలా కొలుస్తుంది?

దెబ్బ తగిలి కమిలిన చోటు గుర్తు తెచ్చుకోండి. కొన్నాళ్లకి ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారుతుంది. రక్తంలోని హీమ్ విరిగి ముందు బిలివర్డిన్, తర్వాత బిలిరుబిన్ అవుతుంది. కామెర్లలో కళ్లకి పట్టే పసుపు ఈ బిలిరుబినే. గోమూత్రం పసుపు కూడా దాని నుంచి పుట్టిందే. ఆవు పిత్తాశయంలో రాయి కడితే గోరోచనం అంటాం, అందులోనూ ఇదే.

మొక్కకి రక్తం లేదు గానీ హీమ్ ఉంది. దాన్ని అదే పద్ధతిలో విరిచి బిలివర్డిన్ చేసి, దాన్నుంచి ఇంకో రంగు తయారుచేసి, ఒక ప్రోటీన్‌కి తగిలిస్తుంది. అదే ఫైటోక్రోమ్. ఎర్ర వెలుగు తగిలితే ఒక రూపం, చీకట్లో మెల్లగా పాత రూపం. మొక్క లోపలి గడియారం, ఇదీ కలిసి రాత్రిని కొలుస్తాయి. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో లెట్యూస్ విత్తనాల మీద ఈ ఎరుపు వెలుగు ఆట బయటపడింది: ఎరుపు చూపిస్తే మొలిచాయి, వెంటనే దూర ఎరుపు చూపిస్తే ఆగిపోయాయి. చాలా కలుపు విత్తనాలదీ అదే తీరు. దున్నితే వెలుగు తగిలి లేస్తాయి, ఆచ్ఛాదన కింద పడుకుంటాయి. (అజొల్లాలో ఉండే అనాబీనా నీలిరంగు కూడా ఈ కుటుంబానిదే.)

జంతువుల్లోనే ఉంటుందనుకున్న బిలిరుబిన్ కూడా 2009లో ఒక చెట్టు గింజల నారింజ కుచ్చులో దొరికింది.

ఇప్పుడు నా లెక్క ఇది. జూన్ దాటితే నారకి గోగు చల్లను. ఆగస్టులో వాన పడితే ఆ మడిలో ఉలవలే. గోంగూర కూరకైతే ఓ మూల నాలుగు సాళ్లు చాలు.